చెయ్యి మరవని గేరు

మార్చి 3, సోమవారం

ఆసిఫాబాద్‌లో పరువు పోయింది. గూడేలకు నర్సులను తీసుకుపోయే చిన్న కారుకు లేడీ డ్రైవర్ కావాలన్నారు ఆస్పత్రి వాళ్ళు. లైసెన్స్ చూసి సంతోషించారు. ట్రయల్‌కు స్టీరింగ్ ఇచ్చారు. ఇంజన్ చప్పుడు వినబడక, స్టార్ట్ అయిన బండికే మళ్ళీ తాళం తిప్పాను. అది క్షమించారు. సెకండ్ గేరు వేద్దామని స్టీరింగ్ పక్కనున్న కాడ లాగితే మండుటెండలో వైపర్లు ఆడాయి. థర్డ్‌కూ ఆడాయి. వెనక సీట్లో నర్సు నవ్వు ఆపుకోలేక దగ్గింది.

తప్పు నాది కాదు, నా ఎడమ చేతిది. బాపు పాత అంబాసిడర్‌లో గేరు రాడ్ స్టీరింగ్‌కే ఉంటుంది. నేర్చుకున్నది దానిమీదే. ఎనిమిదేళ్ళుగా నడిపిందీ అదొక్కటే.

పదిహేడున మళ్ళీ రమ్మంది ఆస్పత్రి మేడం. అదే ఆఖరి చాన్స్ అట. బట్టల షాపులో పొద్దంతా నిలబడే పని ఇక నావల్ల కాదు. ఈ జాబ్ నాకు కావాలి. అంతే.

మార్చి 4

బాపుకు చెప్తే కన్నకూతురని కూడా చూడకుండా పడీపడీ నవ్వాడు. గేరు తీసుకుపోయి కింద పెట్టినోనిదే తప్పట. ముందు సీట్లోనే ముగ్గురు కూచునే బండి ముందు అదెంత, అగ్గిపెట్టె అన్నాడు. నిజమే. కానీ అంబాసిడర్ తిప్పితే భుజాలు పడిపోతాయి. చిన్నదాన్ని ఒక్క వేలితో తిప్పొచ్చు. కాకపోతే దాని ముక్కు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

మార్చి 6

షాపులో నాతో పనిచేసే మంజుల తన చిన్న కారు ప్రాక్టీసుకు ఇచ్చింది. గంటలో పదకొండుసార్లు వైపర్లు. ఛీ.

మార్చి 8

వైపర్లు రెండే రెండు సార్లు!

మార్చి 9, ఆదివారం

బాపుకు చూపు మందగించినప్పటి నుంచి చర్చికి అంబాసిడర్ నేనే నడుపుతున్నాను. పొద్దున నడిపాను. సాయంత్రం మంజుల కారెక్కితే కథ మళ్ళీ మొదటికొచ్చింది. రెండు బండ్లూ నడిపితే ఈ మొండి చెయ్యి మారదు.

బాపుతో చెప్పేశాను, ఇకమీదట అంబాసిడర్ ముట్టనని. ఆయన ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మార్చి 10

బాపు పొద్దంతా అంబాసిడర్ తుడుస్తూ కూచున్నాడు.

మార్చి 12, పొద్దున ఆరు

మంజుల కారు తీస్తుంటే బాపు వచ్చి పక్క సీట్లో కూచున్నాడు. తల టాపుకు తగులుతోందని గొణిగాడు. బెల్టు పెట్టుకోరాకపోతే నేనే పెట్టాను. అప్పుడు కింద గేరు రాడ్ మీద తన అరచెయ్యి పెట్టాడు.

"నా చెయ్యి ఏడుంటె ఆడికే రావాలె బిడ్డా. పైకి పోయిందంటె నేను దిగిపోత."

శ్రీరాంపూర్ దాకా పోయి వచ్చాం. ప్రతిసారీ నా చెయ్యి వెతుక్కుంటూ పోయి ఆయన వేళ్ళమీద పడింది. ఒక్కసారి కూడా వైపర్లు ఆడలేదు. ఇంటికొచ్చాక బండి మంచిగుందని మాత్రం అనలేదు.

మార్చి 16, ఆదివారం

బాపు చర్చికి ఆటోలో పోయాడు. అంబాసిడర్ వాకిట్లోనే ఉంది. మనసు చివుక్కుమంది. ప్రాక్టీసు మానలేదు.

మార్చి 17

పాస్! నర్సులను ఎక్కించుకుని కెరమెరి ఘాట్ ఎక్కి దిగాను. ఒకటో తారీఖు నుంచి డ్యూటీ. మొన్న దగ్గిన నర్సే మొదట చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ 1

పొద్దున గేటు దగ్గర బాపు, "డ్రైవర్ సాబ్, పైలంగ పొయ్యిరా," అన్నాడు. నలభై ఏళ్ళు మా ఊరు నస్పూర్ అంతా ఆయన్ను పిలిచిన పేరది. ఎవరినా అని వెనక్కి తిరిగి చూశాను.

నన్నే.