నీ సైకిలు తగువు

బుజ్జులూ,

నీ చెల్లి చిట్టి వకీలు చదువు అయ్యాక ఇప్పుడు మీడియేటర్ ట్రైనింగుకి వెళ్తోందిరా. తగువు పడ్డవాళ్ళని కూర్చోబెట్టి రాజీ కుదిర్చే పనట. నలభై గంటలు క్లాసులు, ఆపైన పెద్దవాళ్ళ పక్కన కూర్చుని అసలు కేసులు చూడాలి. అప్పుడుగానీ సర్టిఫికెట్టు రాదు. మన పిల్ల క్లాసులో తప్పెవరిదో ముందే చెప్పేస్తోందట. "బేటీ, ఫైసలా నువ్వు చెయ్యకూడదు. ఇలాగైతే పాస్ చెయ్యను," అన్నారట మేడమ్.

అందుకే మొన్న ఆదివారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "ఏదో ఒక తగువు చెప్పండి, ప్రాక్టీస్ చేస్తాను," అంది.

"తగువుకేం కరువు? మీ అన్న సైకిలుంది కదా," అన్నారు మీ నాన్న.

నువ్వు కార్ నికోబార్ దీవికి పనికెళ్తూ ఇంట్లో వదిలిన సైకిలే. సునామీ నిన్ను తీసుకుపోయాక దానికి గోనె కప్పేశాను. ఆయన ఆ ఊసెత్తితే చాలు, దెబ్బలాటకి దిగేదాన్ని.

ఒకరి మాట రెండోవాళ్ళు తిరిగి చెప్పాలంది చిట్టి. "ఆయనకది అడ్డం, పారేద్దామంటారు," అన్నాను.

"నేనెప్పుడన్నానే? వాడు తోమి తోమి ఉంచుకున్న బండి తుప్పు పట్టిపోతోంది. నేను తొక్కుకుంటానంటున్నా."

ఇన్నేళ్ళూ ఆయన్ని ఆ మాట దాకా రానివ్వలేదురా నేను.

చిట్టి పెదవి కొరుక్కుందిగానీ, తప్పెవరిదన్న ఫైసలా చెప్పలేదు. నేనే లేచి గోనె తీశాను.

మీ నాన్న కొత్త టైర్లు వేయించి, ఇవాళ ఫీనిక్స్ బే జెట్టీకి దానిమీదే వెళ్ళారు. మధ్యాహ్నం సందు మొదట్లో బెల్లు మోగగానే, నీకు పెట్టినట్టే కంచం పెట్టేశాను. చిట్టి పాసవుతుందిలే. నువ్వు మాత్రం వేళకి కడుపునిండా తినరా నాన్నా.