రాజుగారి సొట్ట

చిట్టమూరు,
గురువారం.

అమ్మాయి ఫేబీకి రాజు వేషాల వెంకయ్య ఆశీర్వదించి రాయునది.

నేనెవరో నీకు తెలియదు. ఈస్టరుకు కోట ఊళ్ళో మీ చర్చి వాళ్ళ నాటకం చూశాను. రోమా సైనికులు ఒంటి మీద కవచాలతో స్టేజీ అంతా పరుగులు తీశారు. ఇత్తడి కవచం తొడిగినవాడెవడూ అట్లా పరుగెత్తలేడు, ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. విచారిస్తే అవి ప్లాస్టిక్‌వి అన్నారు. కృష్ణపట్నంలో నువ్వు ఇంట్లోనే చేస్తావని అడ్రసు ఇచ్చారు.

మా నాటకంలో రాజు వేషం నా పెళ్ళయిన ఏడాది నుంచీ నాదే. ఈమధ్య హెర్నియా ఆపరేషను చేసిన డాక్టరు బరువు మోయొద్దు, బస్సులెక్కి కుదుపులు తినొద్దు అన్నాడు. నా కవచమేమో నిండు బిందె అంత బరువు. అది లేకుండా స్టేజీ ఎక్కితే జనానికి రాజు కనపడడు, వెంకయ్య కనపడతాడు. పోలేరమ్మ తిరునాళ్ళకు నేను కవచం తొడగలేకపోతే వేషం కుర్ర నటుడు విజయభాస్కర్‌కు ఇస్తామని మా నాటక సమాజం వాళ్ళు చెప్పారు. మర్యాదగా చెప్పారు, అందుకే భయంగా ఉంది. ఒకసారి పోయిన వేషం మళ్ళీ రాదమ్మా.

కవచం బస్సు పార్సిలులో పంపుతున్నాను. అచ్చం దానిలాంటిదే తేలికగా చేసి పెట్టు.

ఇట్లు,
వెంకయ్య (ప్రస్తుతానికి రాజు)

తా.క.: ఫోను చెయ్యొద్దు. నాది స్టేజీ గొంతు. అవతలివాళ్ళు ఫోను బల్ల మీద పెట్టి పక్క గదిలోకి వెళ్ళి వింటారు.

* * *

కృష్ణపట్నం,
మంగళవారం.

వెంకయ్య గారికి ఫేబీ నమస్కారాలు.

మీ కవచం చేరింది. బస్టాండు నుంచి మోసుకొచ్చిన మా నాన్న దాన్ని దించి, ఇది తొడుక్కుని పద్యాలు కూడా పాడతారా అని అడిగాడు. ఆయన పోర్టులో రోజూ బరువులు మోసేవాడే.

నా పని పెద్ద విద్యేమీ కాదండీ. చెక్క పెట్టె పైన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మీ కవచాన్ని దాని మీద పెట్టి, ప్లాస్టిక్ షీటును మెత్తబడి వేలాడే దాకా వేడి చేసి, గబుక్కున కవచం మీద కప్పుతాను. కింద నుంచి వాక్యూమ్ క్లీనరు గాలి లాగేస్తుంది. షీటు కవచాన్ని కరుచుకుని, చల్లారేసరికి అదే ఆకారంలో బిగుసుకుంటుంది. తరువాత ఇత్తడి రంగు వేస్తాను.

మీ దానికి ఎడమవైపు, పక్కటెముకల దగ్గర, ఒక సొట్ట ఉంది. కొత్తదాంట్లో అది ఎందుకని బంకమట్టి నింపి, నున్నగా చేశాకే అచ్చు తీశాను. ఇప్పుడు దెబ్బ తిన్న ఆనవాలే లేదు. కొత్తది పార్సిలులో పంపుతున్నాను. ఇత్తడిది అచ్చు కోసం నా దగ్గరే ఉంచుకున్నాను, మీకు ఇది నచ్చాక పంపుతాను.

మీ
ఫేబీ

తా.క.: త్వరగా చూసి చెప్పండి. వాక్యూమ్ క్లీనరు మా చర్చిది. తివాచీ మీద ఇంత దుమ్ము ఎందుకుందని పాస్టరు గారు అడగడం మొదలుపెట్టారు.

* * *

చిట్టమూరు,
శుక్రవారం.

అమ్మాయి ఫేబీకి వెంకయ్య రాయునది.

కవచం అందింది. పెట్టె తెరిస్తే గాలికి ఎగిరిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకున్నాను. రంగు భేషుగ్గా ఉంది. కానీ ఇది నాది కాదు. పొరపాటున ఇంకెవరిదో నాకు పంపినట్టున్నావు.

నేను సర్దుకుపోదామనే అనుకున్నాను. మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఒకసారి ముట్టుకుని, వద్దు, తిప్పి పంపెయ్యమన్నారు. కారణం ఉత్తరంలో రాసేది కాదు. తిరిగి పంపుతున్నాను. నాది నాకు చేసి పంపు. తిరునాళ్ళు దగ్గర పడింది.

ఇట్లు,
వెంకయ్య

తా.క.: మా నాటకంలో గద పట్టే సేనాపతి నరసయ్య మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నాడు. వాడి మాట లెక్కలోకి తీసుకోవద్దు. వాడు మిగిలినవాళ్ళ పద్యాలు వినే రకం కాదు, కవచాలేం చూస్తాడు.

* * *

కృష్ణపట్నం,
సోమవారం.

గౌరవనీయులైన వెంకయ్య గారికి,

అది మీదే. నేను చేసింది ఒకే ఒక్క రాజు కవచం, అది మీకే పంపాను.

మీ ఇంట్లో ముట్టుకుని వద్దన్నారని, కారణం రాసేది కాదని రాశారు. రాయకపోయినా మాకు అర్థమవుతుంది. చర్చి నాటకానికి కవచాలు తీసిన పెట్టె మీదే మీదీ తీశాను, నిజమే. అదే అభ్యంతరమైతే మొదటే చెప్పి ఉండాల్సింది. మా అమ్మ ఆ ఉత్తరం చదివి మడిచి ఇచ్చింది. నాకు చాలా బాధ కలిగింది. మీ మొదటి ఉత్తరం చదివి మిమ్మల్ని చూడాలనుకున్నాను కూడా.

మీ ఇత్తడిది శనివారం బస్సులో వేస్తాను.

ఫేబీ

తా.క.: పెట్టెకు కులం మతం తెలియవు, దానికి గాలి లాగడం ఒక్కటే వచ్చు అని రాయమన్నాడు నాన్న. అట్లా రాయడం బాగుండదన్నాను. అయినా రాశాను.

* * *

చిట్టమూరు,
బుధవారం.

తల్లీ ఫేబీ,

ఇత్తడిది బస్సులో వెయ్యొద్దు, ఆగు. నీ ఉత్తరం చదివి నా తల కొట్టేసినట్టయింది. నువ్వనుకున్నది కానే కాదు. మీ అమ్మగారికి ముందు ఆ మాట చెప్పు, తరువాత మిగతాది చదువు.

ఇంట్లో అంటే నా భార్య చెంచమ్మ. కొన్నేళ్ళుగా ఆమెకు చూపు లేదు. అయినా నాటకం రోజు నా కవచం తాళ్ళు ఆమే కడుతుంది. ముందు చేత్తో ఎడమవైపు సొట్టను వెతుక్కుంటుంది. అది దొరికాక దాని పక్కగా వేళ్ళు జరుపుకుంటూ తాళ్ళు అందుకుంటుంది. నువ్వు పంపినదాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమింది. సొట్ట లేదు. "ఇది మీది కాదు. ఎవరిదో తెచ్చి నన్ను కట్టమంటే నేను కట్టను" అని చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె తాళ్ళు కట్టకుండా నేను ఏనాడూ స్టేజీ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కలేను కూడా.

ఆమె చూపు సంగతి బయటివాళ్ళకు రాయడానికి మనసొప్పక డొంకతిరుగుడుగా రాశాను. నన్ను క్షమించు. ఆ సొట్ట సామాన్యమైనది కాదు. తొలి ఏడాది యుద్ధం సీనులో నరసయ్య ఆవేశం పట్టలేక గదతో నిజంగానే కొట్టాడు. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని మళ్ళీ పెట్టగలవా?

ఇట్లు,
వెంకయ్య

తా.క.: మీ నాన్నగారి మాట చెంచమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక నన్ను తిట్టింది. అవతల విజయభాస్కర్ కొత్త మీసాలు కొన్నాడట.

* * *

కృష్ణపట్నం,
ఆదివారం.

తాతగారికి ఫేబీ నమస్కారాలు.

మీరే నన్ను క్షమించాలి. తొందరపడి రాశాను. మా అమ్మ చెంచమ్మ గారిని అడిగానని చెప్పమంది.

సొట్ట తీయడం సులభం, పెట్టడమే కష్టమైంది. మట్టి కడిగేసి మళ్ళీ షీటు కప్పాను. గుంటలో గాలి ఇరుక్కుని ప్లాస్టిక్ పూర్తిగా దిగలేదు. ఇత్తడికి అక్కడ రంధ్రం చేస్తే దిగుతుంది, కానీ నాకు చెయ్యి రాలేదు. వేడి మీద ఉండగానే దేనితోనైనా నొక్కాలి. కొబ్బరి చిప్ప పెద్దదైంది. గరిట చదునుగా ఉంది. చివరికి మా అమ్మ రోట్లో పచ్చడి నూరే బండ తెచ్చి పెడితే, మీ ఇత్తడి సొట్టలో అటూ ఇటూ కదలకుండా కూర్చుంది. దాంతోనే నొక్కాను. రెండు కవచాలూ పంపుతున్నాను. చెంచమ్మ గారిని తడిమి చూడమనండి.

మీ
ఫేబీ

తా.క.: అచ్చం పచ్చడి బండలా ఉండే గద నేనెక్కడా చూడలేదు. నరసయ్య గారి గద ఫొటో ఉంటే పంపండి, ఆయనకూ తేలికైనది చేసిస్తాను.

* * *

చిట్టమూరు,
తిరునాళ్ళ మర్నాడు.

అమ్మా ఫేబీ,

చెంచమ్మని. నేను చెప్తా ఉంటే పక్కింటి కామాక్షి రాస్తా ఉంది. ఆయన రాత్రి నాటకమాడి ఇంకా నిద్ర లేవలా.

నీ ఉత్తరం ఆయనే చదివి వినిపిస్తా, పచ్చడి బండ కాడికొచ్చేసరికి ఆగిపోయినాడు. దగ్గు వచ్చిందన్నాడు. మిగతాది కామాక్షి చేత చదివించుకున్నా. ఊరంతటినీ నమ్మించినాడు గానీ నీ ప్లాస్టిక్‌ను నమ్మించలేకపోయినాడు. అది గద దెబ్బ కాదమ్మా. నేను ఇసిరిన పచ్చడి బండ.

పెళ్ళయిన కొత్త. నాకు జొరం. ఆయన కొత్త కవచం తొడుక్కొని అద్దం ముందర నిలబడుండాడు. దాహంగా ఉంది, నీళ్ళియ్యమంటే రాజు గొంతుతో పద్యం ఎత్తుకున్నాడు. మళ్ళీ అడిగితే ఇంకో పద్యం. చేతికి దొరికింది ఇసిరినా. ఖంగుమని మోగింది. పద్యం ఆపి, సొట్ట చూసుకొని, పోయి నీళ్ళు తెచ్చినాడు. తెల్లార్లూ నా పక్కనే కూర్చున్నాడు. సొట్ట బాగు చేయించుకోమంటే, "ఉండనీ, నేను రాజునైపోయినప్పుడల్లా ఇది నాకు గుర్తుకు రావాల" అన్నాడు. నరసయ్య ఎందుకు ఒప్పుకున్నాడంటావా? ఊరికే పేరొస్తా ఉంటే ఎవరు వద్దంటారు.

నిన్న తాళ్ళు కట్టేటప్పుడు సొట్ట నా చేతికి తగిలింది. ఆయన ముసలోడయిపోయినాడని కామాక్షి చెప్తాది. నాకేం తెలుసు. ఆ సొట్ట తగిలితే నాకు అద్దం ముందర నిలబడిన పిల్లోడే కనపడతాడు. నువ్వు మట్టి పూసి మూసింది ఆ పిల్లోడినమ్మా. మళ్ళీ తెచ్చిచ్చినావు. నువ్వు చల్లగా ఉండాల.

నాటకం బాగా జరిగింది. రాజు చచ్చిపోయినాక జనం వన్స్ మోర్ అన్నారంట. ఇత్తడి రోజుల్లో ఆయన్ని లేపేదానికి ఇద్దరు మనుషులు కావాల. నిన్న తనకు తానే లేచి, పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయినాడు. ఎవరూ అడక్కపోయినా ఇంకోసారి లేచినాడు.

ఇట్లు,
చెంచమ్మ

తా.క.: ఇత్తడిది విజయభాస్కర్‌కు ఇచ్చేద్దామంటాడు ఈయన. కుదరదన్నా. ఆ పిల్లోడికి కావాలంటే కొత్తది చేసియ్యి, నున్నగా. సొట్ట వాళ్ళావిడే పెడతాది.