మీటింగు మధ్యలో లేచేనక్కా

సునీతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే సమాధి మీద పువ్వులు పెట్టి వచ్చి, పదింటికి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే మన పని ఇకమీదట సాఫ్ట్‌వేరే చేసేస్తుందట. ఎవరు ఉంటారో, ఎవరు వెళ్ళాలో ఆన్‌లైన్ మీటింగులో ఒక్కొక్కరి పేరూ చదువుతున్నారు.

సగం పేర్లు అయ్యేసరికి నాకు ఎడమ భుజం లాగడం మొదలైంది. చెమటలు పట్టేసేయి. నీకూ ఆ రోజు ఇలాగే మొదలైతే, "ఈ ఫైలు పంపేసి ఆసుపత్రికి వెళ్తానే" అన్నావు. ఫైలు పంపేవు గానీ, వెళ్ళలేదు.

"సార్, ఒంట్లో బాలేదండీ. ఆసుపత్రికి వెళ్తున్నాను" అన్నాను.

"రెండు నిమిషాలు ఆగండి మేడమ్. తర్వాత పేరు మీదేనండీ" అన్నారు మేనేజరుగారు.

అయినా లేచేను. పక్కింటి మేరీ పిన్నిగారిని తోడు తీసుకుని ఆటో ఎక్కేను. దారంతా ఫోను మోగుతూనే ఉంటే, పిన్నిగారు దాన్ని లాక్కుని తన సంచిలో పడేసుకున్నారు.

ఈసీజీ తీసేరు. "గుండెకేం భయం లేదమ్మా. బీపీ బాగా పెరిగింది, మాత్రలు మానకుండా వేసుకోవాలి" అన్నారు డాక్టరుగారు.

ఇంటికొచ్చేక మెయిలు చూసేను.

"ఏమన్నారమ్మా?" అని అడిగేరు పిన్నిగారు.

"వద్దన్నారండీ."

"ఆయ్. ముందు కూర్చుని అన్నం తిను."

తిన్నానక్కా. ఉద్యోగం గురించి రేపు ఆలోచిస్తాను.

మన వీధి నుంచి ఆసుపత్రికి ఆటోలో పావుగంటే పట్టింది. ఇవాళే చూసుకున్నాను.

నీ విమల