మూడు పట్టీల జంపఖానా

కొత్తవాడ, వరంగల్.
కార్తీక శుద్ధ పంచమి.

చిరంజీవి తమ్ముడు పండరిని, మరదలు సుకన్యను దీవించి అన్న మార్కండేయులు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ వదిన వాసంతి, నీ బిడ్డ సుహాసిని క్షేమం. ఆ మాట ముందు రాయకపోతే పైనుంచి మనల్ని కన్న అవ్వ తిడుతుంది కాబట్టి రాశాను. ఎంత క్షేమమో ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే తేల్చుకో. భివండీలో మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం దీపావళి తెల్లారి అందింది. ఇరవై ఏళ్లు సాంచాలు, ఆ కరెంటు మగ్గాలు నడిపి నడిపి ఆ మోతకు నీ చెవులు మొద్దుబారినప్పటి నుంచి మనిద్దరికీ కాగితమే దిక్కయింది. ఫోన్ చేస్తే నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏందన్నా?" అనడం, అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారని ఇరుగుపొరుగు తొంగిచూడడం. ఉత్తరమే నయం. కాకపోతే ఉత్తరంలో అబద్ధం రాస్తే అది కాగితం మీద అట్లాగే ఉండిపోతుంది, అదొక్కటే చిక్కు.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. వెనక గది రేకులు మార్పించాను, ఈ వానాకాలం కురవలేదు. నా కుడికన్ను ఆపరేషన్ మంచిగనే అయింది. వాసంతి ముఖంలో కోపం కూడా ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నది. అవ్వ సంవత్సరీకం శాస్త్రానికి చేశాం, నీ పేరు కూడా చెప్పించాను. మన గల్లీలో మగ్గాలు ఎన్ని మిగిలాయని అడిగావు. నాదొకటి, మూలమీది రాయమల్లుది ఒకటి. ఆయన కూడా సంక్రాంతి దాకా చూసి మగ్గం గుంట పూడ్చేస్తానంటున్నాడు. ఫంక్షన్ హాళ్ల వాళ్లు ఇప్పుడు పచ్చటి ప్లాస్టిక్ పట్టాలు పరుస్తున్నారు. నీళ్లు కొడితే మరక పోతుందట, ఎండబెట్టే పని లేదట. మన జంపఖానా మీద కూర్చుని పెళ్లి చేసుకున్నవాళ్లే తమ పిల్లల పెళ్లికి ప్లాస్టిక్ పరిచి నన్ను భోజనానికి పిలుస్తున్నారు. నేనూ పోయి తిని వస్తున్నాను.

మన చెడుగుడు జాగ ఎట్లుందన్నావు. అక్కడ కార్లు నిలబెడుతున్నారు. రేగడిలో ఇసుక, ఉప్పు కలిపి నీళ్లు చల్లి తొక్కి తొక్కి మనం మెత్తగా చేసుకున్న ఆ మట్టి మీద కంకర పోశారు. నువ్వు కూతకు పోతే గుక్క తిప్పుకోకుండా అవతలి గీత దాకా పోయి వచ్చేవాడివి. పెద్దమనిషి ఒకాయన నీ నోటి దగ్గర చెవి పెట్టి పక్కనే ఉరికేవాడు, ఊపిరి తెగిందా లేదా అని. ఇప్పుడు కూతను ఎవరూ చెవి పెట్టి వినరు. ముప్పై సెకన్ల గడియారం, చివర్లో ఒక పీపీ. మట్టి పోయి రబ్బరు మ్యాట్ వచ్చింది, ఒట్టి కాళ్లు పోయి బూట్లు వచ్చాయి. మారడం చెడ్డదని నేననను. మన కాలంలో ఆడపిల్ల ఆ జాగ అంచుకు వచ్చి నిలబడితేనే తరిమేవాళ్లం. మన సుహాసిని మొదటిసారి తొడ కొట్టినప్పుడు అవ్వ ఏమన్నదో నీకు రాశాను కదా, "ఆడిపోరి తొడ గొడుతదా? ఇజ్జత్ పోతది" అని. మరుసటి ఏడు పరకాల పోటీలకు తీసుకుపోతే అదే అవ్వ కుర్చీలోంచి లేచి, "కాలు పట్టుండ్రి! ఇడువకుండ్రి దాన్ని!" అని అరిచి దగ్గు తెచ్చుకున్నది. మార్పు మన ఇంట్లోకి ఆ దగ్గుతోనే వచ్చింది.

ఇక నీ ఉత్తరం చివరి పేజీ సంగతి. ఇంతసేపూ దానికి దూరంగా తిరుగుతున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ ఉత్తరం వచ్చినప్పుడు నేను మగ్గం గుంటలో ఉన్నాను, చేతులు ఖాళీ లేవు. ఎప్పటిలాగే సుహాసినిని చదవమన్నాను. ఈ ఇంట్లో ఉత్తరాలు అదే చదువుతుందని నీకు తెలుసు కదా, మరి ఎందుకు మరిచావో. ఇప్పుడది కింద కూర్చోలేదు, మోకాలు వంగడం లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చదివింది. "బండ్ల మీద తిరిగే పిల్లకు ఆట ఎందుకు, ఇంటర్ ఎందుకు? నమ్మి నీ దగ్గర ఇడిస్తే దోస్తుల స్కూటీలెక్కి కాలు ఇరగ్గొట్టుకున్నది. పున్నం ఎల్లినంక వచ్చి తోలుకపోత. ఈడ కండెల మిషన్ మీద కూసుంటది" అని నువ్వు రాసిన మాటలు ఒక్కటి కూడా దాటెయ్యకుండా, గొంతు మార్చకుండా చదివింది. చదివి మడిచి, "పెద్దబాపూ, పుస్తకాలు గూడ సర్దుకోవాల్నా, బట్టలేనా?" అని అడిగింది.

నేను మగ్గం ఆడించాను. ఆ పూట కూడా నోరు విప్పనందుకు నన్ను నేను క్షమించుకోలేను.

తమ్ముడూ, నీ బిడ్డ ఏ స్కూటీ ఎక్కలేదు. ఏ దోస్తూ లేదు. దాని కాలు పాడు చేసింది నేను.

మొదటినుంచీ చెప్తాను. పోయిన చలికాలంలో జిల్లా జట్టు జాబితాలో సుహాసిని పేరు వచ్చింది. రాష్ట్ర జట్టు ఎంపిక ఆగస్టులో, అది మ్యాట్ మీద. మన పిల్లలు మట్టిలో ఆడినవాళ్లు, మ్యాట్ మీద అడుగు వేరే. హన్మకొండకు పోతే వారానికి ఒక్కసారి, అదీ గంటసేపు దొరికేది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పదిహేనేళ్ల వయసు నుంచి నేలమీద పరిచేవి నేస్తున్నవాణ్ణి, పిల్లకొక మ్యాట్ నేయలేనా అనుకున్నాను.

ఫాల్గుణం, చైత్రం రెండు నెలలు నేశాను. వాసంతి నూలును కండెలకు చుట్టి ఇచ్చింది. సగం కోర్టు సైజు, మూడు పట్టీలు, నీలం రంగు, ఎర్ర అంచు. గీతలు సున్నంతో వేయలేదు, తెల్ల నూలుతో నేతలోనే తెచ్చాను. మూడింటినీ దబ్బనంతో కలిపి కుట్టి మన కులసంఘం హాలులో సిమెంటు గచ్చు మీద పరిచి, అంచులకు ఇసుక సంచులు పెట్టాను. పిల్లలంతా చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగా తలకెక్కాయి.

పిల్ల కోసమే చేశానని చాలా రోజులు చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఎవరూ కొనని నా నేత మీద రాష్ట్రానికి ఆడే పిల్ల తయారైందని నలుగురూ అనుకోవాలని, ఆ ప్లాస్టిక్ వాళ్లు వినాలని కూడా ఉండింది.

బడిలో ఆటలు నేర్పే పీఈటీ ఓంప్రకాశ్ చూడడానికి వచ్చాడు. మంచివాడు, మర్యాద గలవాడు. బూటుతో రెండడుగులు వేసి, "అన్నా, పని మస్తుగున్నది. గని బట్ట గచ్చు మీద జారుతది. గోడకు పెట్టుకుందాం, పిల్లలనైతే ఆడియ్యకు" అన్నాడు. మన వాడ వెంకట్రాజం పక్కనే ఉన్నాడు, ఊరుకుంటాడా? "జంపఖానా మీద కబడ్డీ ఏందే మార్కండేయులూ, బంతి భోజనాలు పెట్టు" అని నవ్వాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఓంప్రకాశ్ మాట విని మిగతా పిల్లలు రావడం మానేశారు. మన పిల్ల మానలేదు. పెద్దబాపు నేశాడని వచ్చింది.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, మేమిద్దరమే. నేను అవతల నిలబడి కాలు పట్టేవాడిలా అటూ ఇటూ కదులుతున్నాను. అది రెండుసార్లు కూతకు వచ్చింది. రెండోసారి ఆగి కిందకు చూసి, "పెద్దబాపూ, కాళ్ల కింద జరుగుతాంది" అన్నది.

నేనేమన్నానో రాస్తున్నాను చూడు. "జరిగేది బట్ట కాదు, నీ అడుగే తేలిపోతాంది. సక్కగ తొక్కు. ఇంకోపారి రా" అన్నాను.

అది వచ్చింది. ఎడమ కాలు మీద గిర్రున తిరిగింది. బట్ట జారి మడత పడి పాదాన్ని పట్టుకున్నది. ఒళ్లు తిరిగింది గాని పాదం తిరగలేదు. లోపల పట్‌మన్న చప్పుడు నాకు వినబడింది, ఆమడ దూరంలో ఉన్నా వినబడేదేమో. అది ఏడవలేదు. "నేను సక్కగనే తొక్కిన" అని మాత్రం అన్నది.

దవాఖానలో చీటీ లైనులో నిలబడ్డప్పుడు బీపీ గోలీల కోసం వచ్చిన వెంకట్రాజం ఎదురయ్యాడు. "ఏమైందే?" అన్నాడు. ఆయన నవ్వు నా కళ్ల ముందు కదిలింది. జంపఖానా అని చెప్పడానికి నాలుక తిరగలేదు. "దోస్తు పిల్ల స్కూటీ మీదికెళ్లి పడ్డది" అనేశాను. ఎక్కడి స్కూటీ, ఎక్కడి దోస్తు! ఆ క్షణానికి తోచింది అన్నాను. పది రోజులకు వెంకట్రాజం అక్కడున్న తన బిడ్డను చూడడానికి భివండీ వచ్చాడు, నీ చెవిన వేశాడు, నువ్వు రాసి అడిగావు. అప్పుడైనా నిజం రాయాల్సింది. అవునని రాశాను. ఆ స్కూటీ నడిపింది ఆడపిల్లా మగపిల్లాడా అని మన వాడలో కొన్ని రోజులు మాట్లాడుకున్నారు. అది కూడా విన్నాను.

తల్లి ఫోన్‌లో అడిగితే సుహాసిని స్కూటీ అనే చెప్పింది. నేను చెప్పమనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. ఒకరోజు, "బిడ్డా, మీ బాపుకు నిజం రాస్త" అన్నాను. "వద్దు పెద్దబాపూ. నన్నయితే నాలుగొద్దులు తిట్టి మర్చిపోతడు. నిన్నయితే ఇడిసిపెడతడు. గాయినకు నువ్వొక్కనివే అన్నవు" అన్నది. పదిహేడేళ్ల పిల్ల మన అన్నదమ్ముల పొత్తు కాపాడడానికి చెడ్డపేరు మోస్తుంటే, యాభై ఎనిమిదేళ్లవాణ్ణి మోయనిచ్చాను.

డాక్టరు మాట నీకు రాసిందే. నడక వస్తుంది, మెల్లగా పరుగు కూడా రావచ్చు, కబడ్డీ మాత్రం వద్దు. ఆగస్టులో ఎంపిక రోజు అది పొద్దున్నే తలస్నానం చేసి, జెర్సీ తొడుక్కుని, కాసేపు గడపలో నిలబడి, మళ్లీ విప్పి మడతపెట్టింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నది. చుట్టూ తిరిగే పిల్లలు పిలిస్తే నవ్వింది. వాసంతికి మొదటి వారంలోనే తెలిసిపోయింది, హాలులో మడత పడ్డ బట్ట చూసి. నన్ను ఒక్కమాట అనలేదు. అప్పటినుంచి నాతో "అన్నం పెట్టిన" తప్ప వేరే మాట లేదు.

ఈ రోజు పొద్దున వెంకట్రాజం ఇంటికి పోయి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చాయ్ తెమ్మని లోపలికి కేకేసి, నా ముఖం చూడకుండా, "పోరి పేరు ఖరాబ్ జేసినం గదనే" అన్నాడు. ఓంప్రకాశ్‌కు చెప్పాను. "అది రాష్ట్రానికి ఆడేదన్నా" అన్నాడు. ఆ మాట విని ఇంటికి నడిచి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సుహాసినికి తెలియదు. తెలిస్తే చింపేస్తుంది. అందుకే నేనే పోస్టు డబ్బాలో వేసి వస్తాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు చిన్నవాడివి, అన్న అడిగాడని క్షమిస్తావు. అట్లా దొరికింది నాకు వద్దు. నీ తప్పు లేదు బిడ్డా అని దానికి నేను ఎన్నోసార్లు చెప్పాను. నాలుగు గోడల మధ్య దొంగచాటుగా చెప్పే మాటకు విలువేముంటుంది? దానికి ఆ మాట నీ నోట వినబడాలి. చెవులు వినబడకపోయినా ఫోన్ చెయ్యి. అది ఏమన్నా నీకు వినబడదు గాని, నువ్వన్నది దానికి వినబడుతుంది.

పున్నమి తర్వాత వస్తానన్నావు, రా. ఇంటర్ పరీక్షలు మార్చిలో ఉన్నాయి, అప్పటిదాకా ఉంచితే దానికి మేలు. ఉంచకపోతే నేను అడ్డం రాను, నాకు ఆ నోరు లేదు. కానీ తీసుకుపోయేటప్పుడు మన గల్లీలో నలుగురూ వినేట్టు ఒక్కమాట చెప్పి తీసుకుపో తమ్ముడూ. తీసుకుపోయేది బిడ్డ మీద నమ్మకం లేక కాదని చెప్పు. అన్న మీద నమ్మకం లేక తీసుకుపోతున్నానని చెప్పు.

ఇట్లు,
ఇది చదివాక కూడా నీ నోట అన్నా అనే మాట వస్తే, నీ అన్న
మార్కండేయులు