పిల్లలకు పనికిరాని పుస్తకం

శనివారం, జూలై 1968

ఇవాళ బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంచుతుంటే, ఆడపిల్లల ఆరోగ్యం మీద నేను తెప్పించిన పుస్తకం హెడ్‌మాస్టారి చేతికి చిక్కింది. పెద్దమనిషి కావడం గురించి రాసిన అధ్యాయాన్ని స్టాఫ్ రూములో గొంతు మార్చి మార్చి చదివాడు. మగ మేస్టర్లంతా పడీపడీ నవ్వారు. డ్రిల్లు మేస్టరైతే మళ్లీ చదివించుకున్నాడు. ఆ తర్వాత ఆయనే, "ఇలాటివి సదివితే ఆడపిల్లలు సెడిపోతారమ్మా," అని నాకు నీతులు చెప్పాడు. ఛీ!

మొన్న ఎనిమిదో తరగతి అప్పలనర్స లంగా మీద నెత్తురు చూసుకుని, "నాను సచ్చిపోతన్నాను మేస్టరమ్మా," అని నన్ను పట్టుకుని ఏడ్చింది. మళ్లీ బడికి రాలేదు. ఆ సంగతి వీళ్లకు ఎలా చెప్పను? చెబితే దానికీ నవ్వుతారు.

పుస్తకం పిల్లలకు పనికిరాదని తీసేశారు. సాయంత్రం హెడ్‌మాస్టారు దాన్ని తన సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు.