సరంగు చివరి మాట

శ్రీకాకుళం,
గురువారం.

అన్నయ్యకు,

అనూరాధ నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నాన్న, నేను బాగున్నాం. నువ్వూ, నీతో పనిచేసే ఆ నలుగురూ వేళకి తింటున్నారనుకుంటాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. దుకాణంలో తాళ్ళు, వలలు బాగానే అమ్ముడవుతున్నాయి. మన గడపకి ఇవతల అందరం క్షేమమే. గడప దాటాక ఆ మాట రాయలేను. అందుకని ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా సోమవారం మీ కంప్యూటరు ఆటని విడుదల చేయకు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. చేశాను. ఆట బయటికొచ్చేదాకా మీ అయిదుగురి ఫోన్లూ బీరువాలో పెట్టేశామని నువ్వే రాశావు. నువ్వు ఎత్తినా నేను చెప్పగలిగేదాన్ని కాదు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ‘ఊఁ’ అంటాను. మోహనకృష్ణ మావయ్య సరుకు కోసం ఈ రాత్రి ఆమదాలవలసలో హైదరాబాదు బండి ఎక్కుతున్నాడు. ఉత్తరం నీ చేతికే ఇమ్మని చెప్పాను.

‘గవ్వలదీవి’ మొదటి భాగం మీద నేను రాసిన ఉత్తరం ఇంకా మీ గోడకే అంటించి ఉందని, రెండో భాగం మీద కూడా అలాగే మంచీ చెడూ రాయమని అడిగావు. పెన్ డ్రైవుతో పాటు కాగితం నిండా ప్రశ్నలు పంపావు. వరసగా జవాబు చెబుతాను.

నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. చాలా బాగున్నాయి. మొదటి ఆటలో సముద్రం నీలం దుప్పటి పరిచినట్టు ఉండేది. ఇందులో దానికి బరువుంది. పోటు సమయంలో పడవని ఏటిలోకి తిప్పాలంటే నా బొటనవేళ్ళు నొప్పెట్టాయి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్ళు రెండు రంగులుగా కనిపిస్తాయి చూడు, దాన్ని అలాగే తెచ్చావు. మాలతి కూడా ఎదిగింది. మొదటి భాగంలో నాన్నని వెతుక్కునే పిల్ల, ఇందులో తనే నలుగురిని ఒడ్డుకి చేరుస్తుంది. కొండరాళ్ళు ఎక్కేటప్పుడు ఆమె ఊపిరి వినిపించడం నాకు నచ్చింది. నాన్న వెనకనుంచి చూసి, “ఏటమ్మా, అంత సన్నం తాడు మీద ఇద్దరు ఏలాడతన్నారు, అది ఏ కంపినీ? మనకీ తెప్పించమను” అన్నారు.

పోట్లాటలు ఎక్కువయ్యాయా అని అడిగావు. అయ్యాయి. కత్తి తిప్పడం మొదటిదానికన్నా సులువైంది, దెబ్బ తగిలినట్టు చేతికి తెలుస్తోంది. అంతవరకు మంచిదే. కానీ ఏ దీవిలో దిగినా పదిమంది దొంగలు కాచుకుని ఉంటారు. దీపస్తంభం చూడనివ్వరు, శంఖం ఊదనివ్వరు. గవ్వలు ఏరే పని మూడో దీవి నుంచి విసుగు పుట్టించింది. ఆ దొంగల ఓడ దొర చచ్చేముందు చేసే ఉపన్యాసం సగానికి తగ్గించు. మా హెడ్మిస్ట్రెస్ సిస్టరు కూడా ప్రేయరులో అంతసేపు మాట్లాడరు.

దారి చూపే పసుపు బాణం గురించి అడిగావు. అది నాకు నచ్చలేదు. మొదటి ఆటలో దారి తెలియాలంటే పడవ నడిపే సరంగు చెప్పేది వినాలి. “ఆ కొంగలు ఎటెల్తన్నాయో సూడు, అటే ఒడ్డు” అనేవాడు. వినకపోతే దారి తప్పేవాళ్ళం. తప్పినా బాగుండేది. ఇప్పుడు బాణం ఉంది కనుక సరంగు ఏం చెప్పినా వినక్కర్లేదు. అతను సగం ఆటలో నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. “సరంగు చివరి మాట ఎలా ఉంది? ఇక్కడ అందరం ఏడ్చాం. నువ్వు ఏడ్చావా?” అని అడిగావు.

ఏడవలేదు. భయపడ్డాను.

మొదటి ఆటలో సరంగు మాటల కోసం ధర్మేంద్ర గొంతుని మన వలల గోదాములో రికార్డు చేసిన రోజులు గుర్తున్నాయా? వలలు మధ్యలో ఉంటే గొంతు మోగదని నువ్వే కనిపెట్టావు. నువ్వు మైకు పట్టుకునేవాడివి, నేను మాటలు రాసిన కాగితాలు పట్టుకునేదాన్ని. నేను రాసినవి అతను ఒక్కటీ ఉన్నదున్నట్టు చదవలేదు. “టీచరమ్మా, ఏటిది, పెళ్ళిపత్రిక సదివినట్టుంది. సరంగు ఇలా మాటాడితే పడవెక్కుతారా ఎవులైనా?” అనేవాడు. నువ్వు నవ్వితే, “నవ్వకు బావా, నీ సెల్లెలు నాకు మార్కులు ఏస్తాది” అనేవాడు. అతని వల్లే ఆ ఆట మన ఊరిదైంది.

నీకు ఈ సంగతి తెలియదేమో. తుఫాను ఘట్టంలో నేను సరంగుకి ఒక మాట రాశాను. “నేను తిరిగి రాను, నాకోసం చూడకండి.” ధర్మేంద్ర కాగితం నా చేతికి ఇచ్చేశాడు. “ఏటయినా సెప్తాను గానీ ఇది సెప్పను. సముద్రం మీదికెల్లేవోడు నోటితో అనే మాటేటి ఇది? కొట్టేయ్” అన్నాడు. నువ్వు అప్పుడు భోజనానికి లోపలికి వెళ్ళావు. కొట్టేశాను. దానికి బదులు అతను తన మాట చెప్పాడు. అది నేను నా ఫోనులో రికార్డు చేశాను. నీకు ఇవ్వడం మరిచిపోయాను. నువ్వూ మొదటి ఆటలోంచి ఆ ఘట్టమే తీసేశావు.

తరువాత అతను చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళడం, అక్కడ బోటు మునగడం, ముగ్గురు దొరికి అతను దొరకకపోవడం నీకు తెలుసు. వాళ్ళమ్మ కూర్మమ్మత్త కర్మ చేయనివ్వలేదనీ తెలుసు. “నా కొడుకు పోయినాడని ఎవులు సూసినారు?” అంటుంది. ధర్మేంద్ర వెళ్ళేముందు మన దుకాణంలో తనకోసం కట్టించుకున్న నీలం వల గోదాములో పైన అలాగే ఉంది. బజారులో ఎండుచేపలు అమ్ముకున్నాక ఆవిడ మన దుకాణానికి వచ్చి, ఆ వల ఉందో లేదో చూసుకునే వెళ్ళేది.

మొన్న మంగళవారం కూడా వచ్చింది. బుట్ట గుమ్మం బయట పెట్టి, “నా కొడుకు రెండో ఆట ఒచ్చినాదా తల్లీ?” అని అడిగింది. నాన్నే నన్ను పిలిచి చూపించమన్నారు. నేను అప్పటికి తుఫాను దాకా ఆడాను. చివర ఏముందో నాకు తెలియదు.

ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. సరంగు మాట్లాడిన ప్రతిసారీ జవాబిచ్చింది. “ఏటిరా, గొంతు బొంగురుపోయినాదేటి? సలిగాలికి తలకి గుడ్డ సుట్టుకోమంటే ఇనవు” అంది. నాకు నవ్వొచ్చింది. అంతలో పడవ మునగడం మొదలైంది. సరంగు తాడు పట్టుకుని నీళ్ళలో వేలాడుతున్నాడు. తాడు కొయ్యమని తెర మీద గుర్తు కనిపించింది. నేను మీట నొక్కలేదు. నొక్కకపోతే ఆట కదలదు, అలలు వస్తూనే ఉంటాయి. అప్పుడు ధర్మేంద్ర గొంతు ఇలా అంది: “కొయ్యి మాలతీ. నాను రాను. మాయమ్మకి సెప్పు, నాకోసం సూడొద్దని.”

కూర్మమ్మత్త చాలాసేపు తెర వైపే చూసింది. మాలతి కదలడం లేదు. అప్పుడు ఆవిడే, “కొయ్యమంటన్నాడు కదమ్మా. కొయ్యి” అంది.

నొక్కాను.

పాత రికార్డింగుల నుంచి కొత్త మాటలు తయారుచేసే సాధనం కొన్నామని నువ్వు దసరాలకి వచ్చినప్పుడు చెప్పావు. జనం కేకల కోసం అనుకున్నాను. అది ఎంత బాగా చేసిందంటే, అతను మాటకి ముందు తీసుకునే చిన్న ఊపిరి కూడా ఉంది. నీ ఆటలో అన్నిటికన్నా బలమైన చోటు అదే. మంచీ చెడూ విడివిడిగా రాయమన్నావు. ఇక్కడ నాకు చేతకాలేదు.

ఇంతవరకు రాయకుండా ఆపినది ఇప్పుడు రాస్తున్నాను. ఆట ఆగాక కూర్మమ్మత్త నన్ను అడిగింది, “ఈ మాట ఎప్పుడు సెప్పినాడు తల్లీ?” అని. ఆవిడే తనకి తాను చెప్పుకుంది. “ఎప్పుడూ అననోడు అన్నాడంటే, ఎల్లేముందే తెలిసినాది కాబోలు. మీకాడ దాసిపెట్టి ఎల్లినాడు.” అప్పుడైనా కాదనాలి. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ దాన్ని అవునని అనుకుంది.

బయటికి వెళ్ళి నాన్నతో, “సావుకారూ, ఆ నీలం వల అమ్మేయండి. ఆదివారం కర్మ సేసేస్తాను. పెమోదు బాబుని రమ్మనండి” అని నిన్నూ పిలిచింది. అమ్మ పెట్టిన అన్నం తిని, ఎండుచేపల బుట్ట మరిచిపోయి కళింగపట్నం బస్సు ఎక్కింది. దుకాణంలో పనిచేసే ఈశ్వరి పరుగెత్తి ఇచ్చి వచ్చింది.

ఆ వల కొనడానికి మన బేరగాడు గిరిబాబు రేపు పొద్దున్న బండి తీసుకుని వస్తానన్నాడు.

నిన్న అమ్మకి చెప్పాను. అమ్మ గిన్నె తోముతూ తోముతూ ఆపింది. “ఒసే, ఇన్నాళ్ళకి ఆవిడ మనింట్లో కూర్చుని కడుపునిండా అన్నం తింది. మజ్జిగ అడిగి మరీ పోయించుకుంది. ఆ మాట మిషను అంటే ఏటి, మనిషి అంటే ఏటి? ఇప్పుడెళ్ళి కాదంటే మళ్ళీ ఆ ఒడ్డునే కూర్చుంటాది. నీ నిజం ఆవిడికి అన్నం పెడతాదేటి?” అంది.

అమ్మ మాట తప్పని నేను అనలేను. రెండు రోజులుగా అదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను. బడిలో పిల్లల కాపీలు దిద్దుతూ ఒప్పు వాటికీ తప్పు పెట్టాను. కూర్మమ్మత్త ఆదివారం కర్మ చేసి నిద్రపోతే మంచిదే. కానీ ఆవిడ కర్మ చేసేది కొడుకు చెప్పాడని. అతను చెప్పలేదు. చెప్పమంటే కాగితం తిరిగి ఇచ్చేశాడు. అతను నోటితో అననన్న ఒకే ఒక్క మాటని అతని నోట్లో పెట్టాం. నువ్వు తయారుచేశావు, నేను నొక్కాను. ఇక ఎదురుచూడాలా, మానాలా అన్నది ఆవిడ ఇష్టం. మనం పెట్టిన అబద్ధాన్ని నమ్మి మాత్రం మానకూడదు.

నువ్వు మంచి మనసుతోనే చేశావని నాకు తెలుసు. అతన్ని ఒక్కసారి సాగనంపాలనుకున్నావు. ఆ బాధ ఆ నీళ్ళలో కనిపిస్తోంది. అయినా ఆ మాట తీసెయ్యి. తాడు ఉంచు, అలలు ఉంచు, అతన్ని మాట్లాడించకు. మిగతా ఆటంతా అతను నిజంగా అన్న మాటలే వాడు, కావలసినన్ని ఉన్నాయి. బాణం తీసేస్తే అవన్నీ పనికొస్తాయి. సోమవారం కాకపోతే ఇంకో సోమవారం.

రేపు మొదటి బస్సుకి కళింగపట్నం వెళుతున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మూడుసార్లు చింపేశాను. ఆవిడ నన్ను తిట్టినా, అసలు తలుపు తీయకపోయినా చెప్పి వస్తాను. తరువాత నా ఫోనులో ఉన్నది వినిపిస్తాను. గోదాములో కాగితం తిరిగిచ్చాక, సరంగుగా అతను అన్నది ఇది: “అలా అనకూడదు టీచరమ్మా. వస్తానని సెప్పు మాయమ్మకి. ఆలీసమైతే గంజి మూత పెట్టి ఉంచమను.” విన్నాక ఆవిడ కర్మ చేస్తుందో, మానుతుందో తెలియదు. ఏం చేసినా ఆదివారం నువ్వు అక్కడ ఉండాలి. ఈ ఉత్తరం అందిన రాత్రే బండి ఎక్కితే శనివారానికి వచ్చేస్తావు. ఆ గొంతు ఎలా తయారైందో నేను చెప్పినా ఆవిడకి అర్థం కాదు. నువ్వు ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఇది రాస్తుండగా నాన్న గోదాము తాళం అడిగారు, పొద్దున్న గిరిబాబు వస్తే వల దింపాలని. ఇవ్వనన్నాను. నేను ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. ఎందుకని కూడా అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆ గిరిబాబుకి పచ్చ వల సూపిస్తానులే. నువ్వు బేగి పడుకో, మొదటి బస్సులో సీటు దొరకదు” అన్నారు.

తాళం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
నీ కోసం కళింగపట్నంలో ఎదురుచూసే
నీ చెల్లెలు,
అనూరాధ