కాలరు దగ్గర ఆవిరి

చెల్లికి అక్క దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాము, దిగులు పడకు.

చిన్నదానికి ఉద్యోగం వచ్చిందే! సినిమా బొమ్మల్లో లేని నిప్పూ పొగా కంప్యూటరులో పుట్టించే పని. ఎవరూ నేర్పలేదు, రెండేళ్ళు వీడియోలు చూసి తనే నేర్చుకుంది. స్టూడియోవాళ్ళు పరీక్షకి చల్లటి ఇస్త్రీపెట్టెతో చొక్కా రుద్దే సీనిచ్చి, ఆవిరి పెట్టమన్నారు. చిన్నది పెట్టి నాకు చూపించింది.

"దూది ఎగిరినట్టుందే. ఇన్నేళ్ళు ఇస్త్రీ చేసినదాన్ని, నాకు తెలీదూ?" అన్నాను.

"వంకలు పెట్టడం కాదు, చేసి చూపించు" అంది.

మా పెద్దాడు పోయాక నేను ఇస్త్రీపెట్టె ముట్టలేదు, నీకు తెలుసు. ఆ రోజు వాడి తెల్లచొక్కాయే తీసి, నీళ్ళు చిలకరించి ఇంట్లో ఉన్న కరెంటు పెట్టెతో రుద్దాను. చొక్కా చేతి మీద ఆవిరి ఇట్టే పోయింది. కాలరు మందం కదా, అక్కడ కాసేపు ఆగి లేచింది.

"మళ్ళీ అమ్మా!" అంటూ ఏడుసార్లు చేయించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడిస్తే ఏడువు గానీ చెయ్యి ఆపకు" అంది. దాని కళ్ళూ తడే.

చూసినట్టే తన సీనులో ఆవిరి మార్చి పంపింది. స్టూడియోలో పెద్దాయన ఆ కాలరు దగ్గరే ఆపి మళ్ళీ మళ్ళీ చూశాడట. సోమవారం నుంచి రమ్మన్నాడు.

మరిదిగారి మోకాలు ఎలా ఉంది? పెరటి గోడ లేపారా? నా బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను, ఇవ్వకు. ఇటు వచ్చేవాళ్ళుంటే పంపు. ఈ వీధిలో ఇస్త్రీ చేసేవాళ్ళు లేరు, ఇంటివాళ్ళని మెట్ల కింద చోటడిగాను, ఇస్తామన్నారు. పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అక్క